నాలుగు రకాల పర్లేదు

మెదడు మోకాల్లో ఉందని కొందర్ని తిడుతుంటారు. మా ఆయనకి మెదడు తలలోనే ఉంది, బతుకే మోకాల్లో ఉంది. కుడి మోకాల్లో. అది బాగుంటే మాకు ఇల్లుంటుంది, పాపకి స్కూలుంటుంది, నాకు ఉద్యోగముంటుంది. అది వాచిందంటే మళ్లీ అట్టపెట్టెలు, తాళ్లు, లారీ. పదమూడేళ్ల కాపురంలో ఇది తొమ్మిదో ఇల్లు. కాలు కాలిన పిల్లి కూడా ఇన్ని గుమ్మాలు తొక్కి ఉండదు.

ఆయన బాస్కెట్‌బాల్ ఆటగాడు. సాయంత్రాలు సరదాకి ఆడే రకం కాదు, అదే ఉద్యోగం, అదే జీతం. మనిషి ఆరడుగుల ఎనిమిదంగుళాలు. జట్టులో అందరూ నిచ్చెన అంటారు. రోడ్డు మీద వెళుతుంటే "పైన వాన పడుతోందా బాబూ?" అని అడగని పుణ్యాత్ముడు లేడు. ఆయన ప్రతిసారీ ఆ మాట అప్పుడే విన్నట్టు నవ్వుతాడు. నాకైతే ఒళ్లు మండుతుంది.

నేను పళ్ల డాక్టర్ల దగ్గర పనిచేస్తాను. కుర్చీ పక్కన నిలబడి అడిగిన పరికరం అందించడం, పేషెంటు నోట్లో ఊరే నీళ్లు గొట్టంతో లాగెయ్యడం, అయ్యాక అన్నీ కడిగి మరగబెట్టడం. ఆ కుర్చీలో ఎవరూ అబద్ధమాడరు. ఎంత పెద్ద ఆఫీసరైనా, ఎంత మీసమున్నవాడైనా పన్ను తొలిచే మర చప్పుడు వినగానే అమ్మను తలుచుకుంటాడు. ఆ కుర్చీలో నేను చూసిన ఒకే ఒక్క అబద్ధాలకోరును పెళ్లిచేసుకున్నాను. అప్పుడాయనకి ఇరవై. అవతలి జట్టువాడి మోచెయ్యి తగిలి ముందుపన్ను సగానికి విరిగింది. డాక్టరు గారు "నొప్పిగా ఉందా?" అని అడిగారు. నోటినిండా దూదితో "పల్లేఉ" అన్నాడు. నేను ఆయన చేతులకేసి చూశాను. కుర్చీ చెయ్యిమీది రెక్సిన్ గోళ్లు దిగి చిరిగిపోయి ఉంది. దానికి క్లినిక్‌లో నాకే చీవాట్లు పడ్డాయి.

పెళ్లయిన ఏడాదికే నాకు తెలిసిపోయింది, ఆయన నిఘంటువులో ఉన్నది ఒక్కటే మాట అని. అయితే అందులో నాలుగు రకాలు. మొదటిది, తింటూ తింటూ ఠక్కున అనే పర్లేదు. అది నిజంగానే పర్లేదు. రెండోది గోడకేసి చూస్తూ అనేది. నొప్పుంది, అడక్కు అని దాని అర్థం. మూడోది సాగదీసి "పర్లేదూ" అనేది. అది ఎదుటివాళ్లని ఓదార్చడానికి, ముఖ్యంగా ఫోన్లో మా అత్తయ్యకి. నాలుగోది నవ్వుతూ అనేది. అది విన్నానంటే నేను మాట్లాడకుండా అటక మీంచి అట్టపెట్టెలు దించుతాను.

అందరూ అనుకున్నట్టు ఆయన మొదట్నించీ కింద పడుతున్నవాడేం కాదు. ఇరవై నాలుగో ఏట మొదటి డివిజన్‌లో ఒక జట్టుకి కెప్టెన్. సిటీ బస్సుల పక్కన ఆయన బొమ్మ వేశారు, బంతి పట్టుకుని గాల్లో ఉన్నట్టు. బస్సు ఎంత పొడుగున్నా కాళ్లు పట్టలేదు, మోకాళ్ల దగ్గర కత్తిరించారు. అప్పుడు నవ్వుకున్నాం. తాడి ఎక్కేవాణ్ణి ఎంతదాకా ఎగదోస్తామని మా అమ్మ అంటే, "ఎగదొయ్యక్కర్లేదత్తయ్యా, నేనే ఎగురుతాను" అన్నాడు. ఆ రెండేళ్లూ నిజంగానే ఎగిరాడు. క్లబ్ వాళ్లు ఏడడుగుల మంచం చేయించి ఇంటికి పంపారు. అంతకుముందు మా మంచాల చివర స్టూలు వేసి, దానిమీద దిండు పెట్టి, ఆ దిండుమీద కాళ్లు పెట్టుకునేవాడు.

ఇరవై ఆరో ఏట ఒక మ్యాచ్‌లో రింగుకి తగిలి వెనక్కొచ్చిన బంతి కోసం ఎగిరి, దిగడం దిగడం ఇంకొకడి పాదం మీద దిగాడు. మోకాలు పక్కకి తిరిగింది. ఆపరేషన్, ఎనిమిది నెలలు మంచం. ఒక ఉదయం ఇద్దరు మనుషులు తోపుడుబండితో వచ్చి, "మంచం పట్టుకెళ్లమన్నారమ్మా" అన్నారు. ఎందుకయ్యా అంటే, "సార్ ఇప్పుడు క్లబ్‌లో లేరు కదా" అన్నారు. మనిషిని తీసేసిన కబురు మంచం మోసేవాళ్లు చెప్పారు. మా ఆయన చేతికర్ర ఆనించుకుని లేచి, వాళ్లకి బోల్టులు ఎక్కడున్నాయో చూపించి, నాకేసి తిరిగి నవ్వుతూ పర్లేదన్నాడు. ఆ నాలుగో రకాన్ని నేను మొట్టమొదట విన్నది ఆరోజే.

ఆ తర్వాత ఎనిమిదేళ్లలో ఆరు జట్లు. ఓడలు బళ్లవుతాయని వినడమే, మేం ఆ బండిలో కూర్చుని చూశాం. మధ్యలో ఒక్కసారి మాత్రం బండి మళ్లీ ఓడయింది. ముప్పయ్యో ఏట రెండో డివిజన్‌లో ఫైనల్. మూడు సెకన్లుండగా ఈయన వేసిన బంతి రింగు మీద రెండుసార్లు తిరిగి, ఆలోచించి ఆలోచించి లోపల పడింది. జనం ఆయన్ని భుజాల మీద ఎత్తుకోబోయి, ఎత్తలేక, అందరూ కలిసి కిందపడ్డారు. నేను ఏడుస్తూ నవ్వాను. ఆర్నెల్లు తిరక్కుండా ఆ జట్టు నడిపే పెద్దమనిషి ఆట మీద మోజు తీరి క్లబ్‌కి తాళం వేసేశాడు. మళ్లీ పెట్టెలు.

"ఈ ఒక్క సీజనే," అంటాడు ప్రతిసారీ. నేను సరేనంటాను. లోపల మాత్రం ఒకటే గాభరా. కొత్త ఊళ్లో దిగగానే పళ్ల క్లినిక్‌లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి, పాపకి స్కూలు వెతకాలి, పాలవాడికి ఇల్లు గుర్తు చెప్పాలి. ఏ ఇంట్లోనూ గోడకి మేకు కొట్టనివ్వను. వెళ్లేటప్పుడు పీకాలి, ఆ కన్నానికి ఇంటివాళ్లతో మాటపడాలి, ఎందుకొచ్చిన గొడవ? పాప బొమ్మలు గీస్తుంది. గీసినవన్నీ చుట్టచుట్టి రబ్బరుబ్యాండు వేసి మంచం కింద పెట్టుకుంటుంది. పదకొండేళ్లు. ఇది ఆరో స్కూలు.

ఈసారి వచ్చింది మూడో డివిజన్ జట్టుకి. మూడువారాలు చూసి, నచ్చితే రెండేళ్లకి రాసుకుంటామన్నారు. రెండేళ్లు! ఒక ఊళ్లో రెండు వేసవులు ఉండటమంటే ఏమిటో మేం మరిచిపోయాం. అందాకా ఉండమని క్లబ్ వాళ్ల ఫ్లాట్ ఇచ్చారు. రెండు గదులు, వంటింటి కిటికీలోంచి రైల్వే లైను. నాకు వారంలోనే మంచి క్లినిక్ దొరికింది. పాపకి ఒక స్నేహితురాలు దొరికింది, ఇద్దరూ జడలు ఒకేలా వేసుకోవడం మొదలుపెట్టారు. నాకు ఈ ఊరు కావాలనిపించింది. దాచుకోవడమెందుకు, కావాలని పళ్లు బిగించి కోరుకున్నాను.

కోచ్ మాకు పాతవాడే. ఒకప్పుడు మా ఆయన కెప్టెన్‌గా ఉన్న జట్టులో ఆఖరి బెంచీ కుర్రాడు. ఇప్పుడు పొట్టా, మెడలో ఈలా వచ్చాయి. ఈయన్ని అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. అందుకే పిలిచాడు కూడా.

ఇక్కడ నాకు మాత్రమే తెలిసిన సంగతొకటి చెప్పాలి. మోకాలు పోటెత్తినప్పుడు మా ఆయన ఆటలో లేసు కట్టుకుంటాడు. ఈల మోగి ఆట ఆగగానే కోర్టులో ఎడమ మోకాలి మీద కూర్చుని, కుడి బూటు లేసు విప్పి, మళ్లీ కడతాడు. అది ఊడి ఉండదు. ఆ పదిక్షణాల్లో బొటనవేలితో మోకాలి వెనక నొక్కుకుంటాడు. చూసేవాళ్లకి వంగి ముడి వేసుకుంటున్నట్టే ఉంటుంది. మ్యాచ్ అంటే అందరూ పాయింట్లు లెక్కపెడతారు, నేను లేసులు లెక్కపెడతాను. పోయిన సీజన్‌లో మ్యాచ్‌కి రెండు. ఈ ఊరొచ్చాక మొదటివారం మూడు, రెండోవారం ఐదు.

మూడోవారం శనివారం మధ్యాహ్నం నేను క్లినిక్‌లో పరికరాలు ఆరబెడుతుంటే కోచ్ వచ్చాడు. పళ్లు క్లీన్ చేయించుకోవడానికేమో అనుకుని కుర్చీ చూపించాను.

"బాబోయ్, దానికి కాదు వదినా," అని గుమ్మంలోనే ఆగిపోయాడు. మెడలో ఈలతో ఆడుకుంటూ, "రేపటి మ్యాచ్‌లో అన్నని ముప్పై నిమిషాలు ఆడిద్దామనుకుంటున్నా. క్లబ్ మేనేజర్ గారు చూస్తారు. బాగా ఆడితే ఎల్లుండి సంతకాలే," అన్నాడు.

"మంచిదే కదా."

"మంచిదే. కానీ ఒక్క మాట నిజం చెప్పండి. మోకాలు ఎలా ఉంది? మీరు ఊఁ అంటేనే ఆడిస్తా. వద్దంటే మేనేజర్‌తో నేనే ఏదో ఒకటి చెప్పుకుంటా."

నా చేతిలో పళ్లు చూసే చిన్న అద్దాల ట్రే ఉంది. ఆరోజు పొద్దున్నే పాప జడ వేయించుకుంటూ, "అమ్మా, ఈ ఇంట్లో ఒక్క మేకు కొట్టుకోనా? ఒక్కటే" అని అడిగింది. రేపు చూద్దాంలే అన్నాను. ఐదు లేసులు కళ్లముందు కనిపించాయి. పాప మంచం కింది కాగితపు చుట్టలూ కనిపించాయి. కోచ్ ఈల తిప్పడం ఆపేశాడు.

"పర్లేదు," అన్నాను.

పదమూడేళ్లుగా ఏ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుందో ఆ మాటే. అది ఏ రకమో నాకే అర్థం కాలేదు. కోచ్ ఒక్కక్షణం నా ముఖంకేసి చూసి, "అంతేనా?" అన్నాడు. అంతే అన్నాను. అతను వెళ్లాక, అప్పుడే కడిగిన అద్దాలన్నీ మళ్లీ కడిగాను.

ఆదివారం మ్యాచ్‌కి మహా అయితే రెండొందల మంది ఉంటారు. సగం కుర్చీలకి వీపులు లేవు. మా ఆయన మాత్రం పదేళ్లు వెనక్కెళ్లినట్టు ఆడాడు. తనకంటే పన్నెండేళ్లు చిన్నవాళ్ల మీంచి బంతి లాక్కున్నాడు, రింగు పట్టుకుని ఊగాడు. పక్కన కూర్చున్న ముసలాయన "ఎవరమ్మా ఆ నిచ్చెన? ఎక్కడ దాచారు ఇన్నాళ్లూ?" అని నన్నే అడిగాడు. నేను లెక్కలో ఉన్నాను. మొదటి సగంలో నాలుగు. మూడో క్వార్టర్‌లో మూడు. ఎనిమిదోసారి లేసు కట్టుకుని లేవబోయి, నేలమీద చెయ్యి ఆనించాడు. నేను కుర్చీలోంచి సగం లేచాను. ఆయన లేచి పరిగెత్తాడు. నేను కూర్చున్నాను. మొత్తం తొమ్మిది. జట్టు గెలిచింది. మేనేజర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, కోచ్ మాత్రం ఎందుకో బెంచీ మీంచి కదలకుండా చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు.

సాయంత్రం ఇంట్లో పండగే. పాపని గోడకి మేకు కొట్టుకోమన్నాను. అది నమ్మలేక రెండుసార్లు అడిగింది. తర్వాత పక్కగదిలోంచి సుత్తి చప్పుడు మొదలైంది, ఒక దెబ్బ మేకు మీద, రెండు దెబ్బలు గోడ మీద. మా ఆయన హాల్లో నేలమీద కూర్చుని, మంచుగడ్డల సంచి మోకాలికి చుట్టుకున్నాడు. మోకాలు గుమ్మడికాయంత ఉంది. నేను ఏళ్లుగా విప్పని పెట్టె ఒకటి విప్పి, పింగాణీ కప్పులు కాగితాల్లోంచి తీసి తుడుస్తున్నాను. ఆనందంతో నోరు ఆగడం లేదు. కిటికీకి కర్టెన్లు కుట్టిస్తానంటున్నాను, వంటింట్లో అర కొట్టిస్తానంటున్నాను.

"నిన్న పొద్దున నేను వాడి దగ్గరికెళ్లా," అన్నాడు.

"ఎవరి దగ్గరికి?"

"మన కోచ్ దగ్గరికి. ఇక నా వల్ల కాదురా అని చెప్పేశా. రాత్రుళ్లు దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నానని, మెట్లు దిగాలంటే భయమేస్తోందని, అన్నీ చెప్పా. జన్మలో మొదటిసారి."

నేను చేతిలో కప్పు కింద పెట్టాను.

"వాడు నమ్మలేదు. పెద్ద మ్యాచ్‌కి ముందు బెంగపడుతున్నావన్నా, నీకిది మామూలే అన్నాడు. అయితే మీ వదిన్నడుగు, నాకంటే దానికే బాగా తెలుసు, అది ఏమంటే అదే అన్నాను."

"నాతో ఒక్కమాట అనొచ్చుగా!"

"ఎలా అనను? ఈ ఊరొచ్చాక నువ్వు పాటలు పాడుకుంటూ గిన్నెలు తోముతున్నావు." మంచుసంచి కాస్త జరుపుకున్నాడు. "నువ్వు వద్దంటావనుకున్నా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు అందును. పిల్లాడు దారి అడిగినంత మామూలుగా అన్నాడు. ఆ మోకాలి గురించి నాకు తెలిసినంత ఏ డాక్టరుకీ తెలీదు. మనిషి జన్మకొకసారి నోరు విప్పి నిజం చెప్పి, మిగతా మాట నా నోట్లో పెట్టాడు. నేనేం చేశాను? ఒక మేకు కోసం, రెండు వేసవుల కోసం ఆయన్ని కోర్టులోకి తోశాను. తోసి, పైన కూర్చుని లేసులు లెక్కపెట్టాను.

"మరి నేను సరేనన్నానని తెలిశాక కూడా ఎందుకాడావు?"

"నువ్వడిగింది ఇదొక్కటే కదా," అన్నాడు. "రెండేళ్లేగా. లాగించేద్దాంలే."

పక్కగదిలోంచి పాప కేకేసింది. "నాన్నా! కొట్టేశా! వంకరగా ఉంది గానీ గట్టిగానే ఉంది!"

సోమవారం పదకొండు గంటలకి క్లబ్ ఆఫీసు. రెండో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యదు. ఆయన మామూలుగానే ఎక్కాడు, కాస్త నిదానంగా. ఇరుకు గది, గోడ నిండా కప్పులూ షీల్డులూ. మేనేజర్ హుషారుగా కాగితాలు మావైపు తిప్పాడు. పేజీ పేజీకీ అడుగున సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఉంచాడు. కోచ్ కిటికీ దగ్గర నిలబడ్డాడు, నాకేసి చూడటం లేదు. మా ఆయన కలం తీసుకుని, మూత తీసి, మొదటి గుర్తు మీద పెట్టాడు.

"వద్దు," అన్నాను.

మేనేజర్ తలెత్తాడు. "ఏది వద్దమ్మా? రెండేళ్లు మరీ ఎక్కువంటే ఏడాదిన్నరకి మార్పిస్తాను."

"షరతులు కాదండీ. ఆడటమే వద్దు. ఆయన మోకాలు అయిపోయింది."

"అదేమిటి, నిన్న చూశాంగా! సింహంలా ఆడారు."

"తొమ్మిదిసార్లు లేసు కట్టుకున్నారు. ఒక్కసారైనా అది ఊడిందేమో మీరు చూశారా?"

ఆయనకేం అర్థం కాలేదు, కోచ్‌కి మాత్రం అర్థమైంది. "వదినా, శనివారం నేను అడిగితే మీరే కదా..." అన్నాడు.

"అబద్ధం చెప్పాను. ఇంటి కోసం చెప్పాను. ఆయన నీకు చెప్పిందే నిజం," అన్నాను. "నన్ను ఏమన్నా అను, పడతాను. ఆయన్ని మాత్రం ఇక ఆడించకు."

మేనేజర్ గడియారం చూసుకుని, కాగితాలు చూసి, చివరికి ఫ్లాట్ పదిరోజుల్లో ఖాళీ చెయ్యాల్సి ఉంటుందని, అది తన చేతుల్లో లేదని నసిగాడు. తెలుసన్నాను. మా ఆయన ఇంకా కాగితం మీదికే చూస్తున్నాడు. తిడతాడేమో అనుకున్నాను. పదిహేనేళ్లుగా నేర్చిన విద్యని నేను నలుగురి ముందు ఒక్క మాటతో ఆపేశాను, తిట్టినా న్యాయమే.

కలానికి మూత పెట్టాడు. బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. లేస్తూ, "అబ్బా!" అన్నాడు.

అంత గట్టిగా అనడం నేనెప్పుడూ వినలేదు. గోడమీది షీల్డులు అదిరేలా అన్నాడు. కోచ్ కిటికీ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి చంక కింద పట్టుకోబోయాడు. ఈయన వద్దని, నన్ను చూశాడు. నేను దగ్గరికి వెళ్లాను. చెయ్యి నా భుజం మీద వేశాడు. ఆ బరువుకి నా నడుము ఒకపక్కకి వంగింది.

నడవాలోకి వచ్చి కుంటడం మొదలుపెట్టాడు. దాచుకోకుండా, సిగ్గుపడకుండా, అవతలి గదుల్లోని గుమాస్తాలు తలలు బయటపెట్టి చూస్తుండగా కుంటుకుంటూ నడిచాడు.

"పాపకి ఎవరు చెబుతారు?" అన్నాడు మెట్ల దగ్గర ఆగి.

"నేనే చెబుతా."

"ఏమని?"

"ఏమనో దిగేలోగా ఆలోచిస్తా. నువ్వు అడుగు చూసి వెయ్యి."

ముప్పై నాలుగు మెట్లు. ప్రతి మెట్టుకీ ఆయన అబ్బా అన్నాడు, అమ్మా అన్నాడు, ఒకచోట పచ్చిబూతు కూడా అన్నాడు. నేను ఒక్కసారీ ఊరుకోమనలేదు.